గ్రాఫ్ పైకి పోతోంది, నేను మాత్రం అక్కడే ఉన్నాను

ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 37. హైస్కూల్లో లెక్కల టీచరు. ఏడాది కిందట స్కూటర్ మీద వెళ్తూ పడిపోయారు. తలకు గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేసి తీశారు. కొన్నాళ్లు స్పృహ లేదు. ఇప్పుడు నడక, మాట, చూపు అన్నీ బాగున్నాయి. జుట్టు పెరిగి కుట్లు కూడా కనపడటం లేదు. దాంతో చూడవచ్చినవాళ్లంతా "గండం గడిచింది, ఇంకేం భయం లేదు" అని చెప్పి వెళ్తున్నారు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్నయ్య మెదడుకు శిక్షణ ఇచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి కొనిపెట్టారు. రోజూ ఉదయం 2 గంటలు దాని ముందు కూర్చోవాలి. మెరిసి మాయమైన గళ్లను అదే వరుసలో నొక్కడం, బాణాల గుంపులో మధ్య బాణం ఎటు తిరిగి ఉందో చెప్పడం, పాత బొమ్మ మళ్లీ వస్తే గుర్తుపట్టడం లాంటివి ఉంటాయి. రిపోర్టు రాత్రికల్లా అన్నయ్య ఫోనుకు వెళ్తుంది.

"మొదట్లో గ్రాఫ్ పైపైకి పోయింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం అక్కడే ఉన్నాను. పాపకు లెక్క చెబుతుంటాను, మధ్యలో ఫోన్ మోగుతుంది. మాట్లాడి వచ్చేసరికి ఏ లెక్క చెబుతున్నానో, ఎంతవరకు వచ్చానో అంతా పోతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. పాప 'అమ్మా, ఇది ఇందాకే చెప్పావు' అంటుంది. మొన్న పొద్దున వేసుకున్న ఫిట్స్ మాత్రనే మళ్లీ వేసుకున్నాను" అని రాశారు.

రెండు నెలలుగా ఆ గ్రాఫ్ కూడా కదలడం లేదు. "నువ్వు మనసు పెట్టడం లేదు" అంటున్నారు అన్నయ్య. "ఆయన నీ కోసం అంత తాపత్రయపడుతుంటే కాస్త ఓపిక పట్టు" అంటున్నారు భర్త. కంప్యూటర్ ముందు నుంచి లేచాక మధ్యాహ్నమంతా తల పట్టేసినట్టు ఉంటుందట. సాయంత్రం పాప మీద అరిచి, తర్వాత తలుపు వేసుకుని ఏడుస్తున్నారట. కొత్త విద్యా సంవత్సరానికి వస్తారా రారా అని స్కూలు నుంచి అడుగుతున్నారు. "ఈ శిక్షణ నిజంగా పనిచేస్తుందా? మానేస్తే ఇక బాగుపడనా? అన్నయ్య మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? నాది నిజంగా బద్ధకమేనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

ఈ ఉత్తరాన్ని ఆమె ఒక్క రోజులో రాయలేదు. చాలా రోజులు కొంచెం కొంచెంగా రాశారు. ఆపిన ప్రతిచోటా ఒక గీత గీసి, దాని కింద "రేపు ఇక్కడి నుంచి: అన్నయ్య సంగతి", "రేపు: స్కూలు సంగతి" అని గుర్తు పెట్టుకున్నారు.

అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇది బద్ధకం కాదు. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లను ఏళ్ల తరబడి వెంటాడే ఇబ్బందుల్లో ఈ అలసట ముందు వరసలో ఉంటుంది. దెబ్బకు ముందు మీరు ఆలోచించకుండానే చేసిన పనులు కూడా ఇప్పుడు మెదడుకు శ్రమే. ఇద్దరు మాట్లాడుతుంటే వినడం, చేస్తున్న పని ఆపి ఇంకో పని అందుకోవడం, మళ్లీ మొదటి పనికి రావడం, వీటన్నిటికీ ఒళ్లు దాచుకోకుండా పనిచేయాల్సి వస్తోంది. కాలు విరిగి కట్టు కట్టించుకున్న మనిషిని ఎవరూ పరుగెత్తమనరు. మీ కట్టు పైకి కనపడదు కాబట్టి అందరూ పరుగెత్తమంటున్నారు.

సాయంత్రం వచ్చే కోపానికి కూడా ఈ అలసటతో చాలా సంబంధం ఉంది. కొంత దెబ్బ వల్ల కూడా కావచ్చు. మెదడు ముందుభాగం దెబ్బతిన్నప్పుడు కోపానికి పగ్గం వేయడం కష్టమవుతుంది. దిగులు (డాక్టర్లు డిప్రెషన్ అనేది), నిద్ర సరిగా పట్టకపోవడం కూడా తలకు దెబ్బ తగిలినవాళ్లలో తరచుగా కనిపిస్తాయి. రెండింటికీ చికిత్స ఉంది. తలుపు వేసుకుని ఏడుస్తున్నానని రాశారు. ఆ మాట డాక్టరుతో కూడా చెప్పండి. "ఎలా ఉన్నారు" అంటే "బాగున్నాను" అని వచ్చేయకండి.

ఇక ఆ ప్రోగ్రాం సంగతి. "పనిచేస్తుందా" అనే మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ ఆటలో మీరు మెరుగవుతారా? తప్పకుండా అవుతారు, అయ్యారు కూడా. అలాంటి వేరే పరీక్షల్లో మెరుగవుతారా? కొంతమంది, కొంతవరకు అవుతారు. పాపకు లెక్క చెబుతూ ఫోన్ మాట్లాడి వచ్చి, ఆపినచోట అందుకోగలుగుతారా? ఆధారాలు బలహీనపడేది ఇక్కడే. మీకు కావలసిందేమో ఇదే.

2010లో నేచర్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 11,430 మంది ఆరోగ్యవంతులు ఆరు వారాల పాటు ఇలాంటి మెదడు ఆటలు ఆడారు. ఆడిన ఆటల్లో అందరూ మెరుగయ్యారు. ఆ మెరుగు ఆడని పనుల్లోకి, ఆడిన ఆటలకు దగ్గరగా ఉన్న పనుల్లోకి కూడా, పాకలేదు. వాళ్లు దెబ్బ తగిలినవాళ్లు కాదు కదా అంటారేమో. తలకు దెబ్బ తగిలినవాళ్లకూ, పక్షవాతం వచ్చినవాళ్లకూ ఏ చికిత్స పనికొస్తుందో తేల్చడానికి అమెరికాలో కీత్ సిసెరోన్ నాయకత్వంలో ఒక నిపుణుల బృందం 2000 నుంచి అధ్యయనాలను వడపోసి నివేదికలు ఇస్తోంది. వాళ్లు కంప్యూటర్ శిక్షణను తోసిపుచ్చలేదు. థెరపిస్టు చేసే చికిత్సకు తోడుగా వాడుకోవచ్చన్నారు. థెరపిస్టు ప్రమేయం లేకుండా కంప్యూటర్ ముందు అదే పని మళ్లీ మళ్లీ చేయడం మీదే ఆధారపడటాన్ని మాత్రం వద్దన్నారు. ఇన్‌కాగ్ పేరుతో వివిధ దేశాల నిపుణులు కలిసి రాసి, 2023లో సవరించిన మార్గదర్శకాలదీ ఇదే ధోరణి. ధ్యాస నిలవడం కోసం నిత్యజీవితంతో సంబంధం లేని కంప్యూటర్ అభ్యాసాలు చేయించవద్దన్నారు. రోజువారీ పనుల్లో వాటి ఫలితం కనపడకపోవడమే కారణం.

ఇంకో వైపు కూడా చెప్పాలి. తలకు స్వల్పస్థాయి గాయమై ఇబ్బంది పడుతున్న 83 మంది అమెరికా సైనికులు, మాజీ సైనికుల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు కంప్యూటర్ గేములు ఆడినవాళ్లకంటే శిక్షణ ప్రోగ్రాం చేసినవాళ్లకు జ్ఞాపకశక్తి, ధ్యాస లాంటి పరీక్షల్లో ఎక్కువ మెరుగుదల కనిపించింది. కాబట్టి ఇదంతా మోసం అని నేను అనను. మీది స్వల్పస్థాయి గాయం కాదు, మీ లక్ష్యం పరీక్షలో మార్కులూ కాదు. ప్రకటనలను మాత్రం నమ్మకండి. ల్యూమోసిటీ అనే మెదడు ఆటల ప్రోగ్రాం తయారుచేసే కంపెనీ 2016లో, తప్పుడు ప్రకటనల మీద చర్య తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. తలకు దెబ్బ తగిలినవాళ్ల ఇబ్బందులు కూడా తమ ఆటలతో తగ్గుతాయన్నట్టు ఆధారం లేకుండా ప్రచారం చేసుకున్నారన్నది కమిషన్ ఆరోపణ.

మరి మొదట్లో గ్రాఫ్ ఎందుకు పెరిగింది? దెబ్బ తగిలిన మొదటి నెలల్లో మెదడు దానంతటదే వేగంగా కోలుకుంటుంది. దానికి తోడు ఆట అలవాటవుతుంది. శిక్షణ వల్ల వచ్చింది ఎంతో, ఈ రెండింటి వల్ల వచ్చింది ఎంతో ఆ గీత విడదీసి చెప్పలేదు. ఇప్పుడు ఆగిపోవడం కూడా అంతే. మీరు మెరుగయ్యే కొద్దీ కష్టం పెంచుకుంటూ పోయే ఆట ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. ఆట ఆగినంత మాత్రాన మీ కోలుకోవడం ఆగిందని కాదు. మొదటి ఆరు నెలల వేగం తర్వాత ఉండదు, నిజమే. కానీ రెండో ఏడాదిలో, ఆ తర్వాత కూడా మనుషులు కోలుకుంటూనే ఉంటారు. మానేస్తే ఇక బాగుపడనేమో అన్న భయం మీకు అక్కర్లేదు.

మీ ఉత్తరం చదువుతుంటే నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వేరే సంగతి. రోజులో మీ తల తేటగా ఉండేది పొద్దున ఆ రెండు గంటలే. వాటిని మొత్తం బాణాలకూ గళ్లకూ ఇచ్చేస్తున్నారు. పాపకూ, ఇంటికీ, మీకూ మిగిలేది అలసిపోయిన మధ్యాహ్నం, శక్తంతా వాడేశాక మిగిలిన సాయంత్రం. ప్రోగ్రాం మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే, ఆ రెండు గంటలు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న అని నాకు అనిపిస్తోంది.

మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఇప్పుడు చేస్తున్నట్టే చేయడం ఒకటి. అన్నయ్య నొచ్చుకోరు, ఇంట్లో గొడవ ఉండదు. మీ అలసట మాత్రం అలాగే ఉంటుంది, పాపతో సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి. "ఇంత చేసినా బాగుపడలేదు, లోపం నాదే" అన్న నమ్మకం మీలో గట్టిపడుతుందేమోనని నా భయం.

రెండోది, ప్రోగ్రాంను ఉంచి, దాని స్థానం మార్చడం. రోజుకు 20, 25 నిమిషాలు చాలు, అదీ రోజులో ముఖ్యమైన పని అయ్యాక. న్యూరోసైకాలజిస్ట్ (జ్ఞాపకం, ధ్యాస లాంటివి ఎలా ఉన్నాయో పరీక్షించే మనస్తత్వ నిపుణులు) గాని, తలకు దెబ్బ తగిలినవాళ్లతో పనిచేసిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే నిపుణులు) గాని దొరికితే ఏ ఆటలు ఉంచాలో, వాటిని దేనికి ముడిపెట్టాలో వాళ్లు చెబుతారు. మొదలుపెట్టే ముందు "ఎన్ని తప్పులు చేస్తాను" అని ఊహించుకుని రాయడం, అయ్యాక పోల్చుకోవడం, ఎక్కడ ధ్యాస జారిందో, జారినప్పుడు ఏం చేస్తే తిరిగి వచ్చిందో గమనించడం నేర్పుతారు. స్కోరుకు లేని విలువ ఈ గమనింపుకు ఉంది. అది తరగతి గదిలోకి కూడా మీ వెంట వస్తుంది. ఇబ్బందల్లా అలాంటి నిపుణులు అన్నిచోట్లా దొరకరు, దొరికినా వారం వారం వెళ్లడానికి డబ్బూ ఓపికా కావాలి. నెలకొకసారి చూపించుకుని మిగతాది ఇంట్లో చేయడం కూడా ఏమీ లేకపోవడం కంటే నయం.

మూడోది, ఆరు వారాలు ప్రోగ్రాంను పూర్తిగా పక్కన పెట్టి, ఆ పొద్దుటి సమయాన్ని మీ అసలు పనులకు ఇవ్వడం. అసలు పనులంటే అన్నీ కాదు. రెండే. పాపకు లెక్క చెప్పడం ఒకటి, రోజు మందులు తప్పకుండా వేసుకోవడం ఒకటి. ఇందులో తక్షణం కనిపించే గ్రాఫ్ ఉండదు. కొన్ని రోజులు వెనక్కి పోతున్నట్టు కూడా అనిపిస్తుంది. అయితే ఆరు వారాల తర్వాత మీ చేతిలో మిగిలేది మీ జీవితంలో పనికొచ్చేదై ఉంటుంది. నన్నడిగితే ఈ దారి మీకు నప్పుతుంది. కానీ తెర ముందు కూర్చున్నంతసేపు మీకు ధైర్యంగా ఉంటే, ఏదో చేస్తున్నానన్న తృప్తి ఉంటే, రెండోదాన్ని ఎంచుకోవడంలో తప్పు లేదు.

లెక్క చెప్పే పనిని ఎలా అభ్యాసం చేయాలో మీకు ఇప్పటికే తెలుసు. ఈ ఉత్తరంలో మీరు గీసిన గీతలు, వాటి కింద రాసిన "రేపు ఇక్కడి నుంచి" అన్న మాటలు చూశాక నాకు ఆ నమ్మకం కలిగింది. ఇన్ని పేజీల్లో దారి తప్పలేదు మీరు. థెరపిస్టులు నెలల తరబడి నేర్పేది ఇదే. దాన్ని ఫోన్ మోగినప్పుడు వాడండి. ఫోన్ ఎత్తే ముందు పెన్సిల్‌తో ఆపిన మెట్టు పక్కన చుక్క పెట్టి, "తర్వాత: రెండు వైపులా 3తో భాగించాలి" అని అంచులో రాయండి. ఫోన్ మోగుతూ ఉంటే మోగనివ్వండి, ముందు చుక్క. మొదటి వారం ఏ అంతరాయం లేకుండా, తర్వాత పాప కావాలని ఒక ప్రశ్న అడిగితే, ఆ తర్వాత నిజంగా ఫోన్ వస్తే, ఇలా మెల్లగా పెంచండి. ఒక్కో విడత 15 నిమిషాలు దాటనివ్వకండి. తల బరువెక్కుతోందనగానే ఆపి, చీకటి గదిలో కాసేపు కళ్లు మూసుకోండి. పూర్తిగా అలసిపోయాక తీసుకునే విశ్రాంతి కంటే ముందే తీసుకునే విశ్రాంతి ఎక్కువ పనిచేస్తుంది.

కాగితం మీదా, ఫోన్లోనూ గుర్తు పెట్టుకుంటే మెదడు సోమరి అవుతుందని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. బ్రిటన్‌లో బార్బరా విల్సన్ బృందం జ్ఞాపకశక్తి, పనులను ప్లాన్ చేసుకునే శక్తి దెబ్బతిన్న 143 మందికి పేజర్ (చిన్న సందేశాలు చూపే జేబు పరికరం) ద్వారా సమయానికి గుర్తుచేస్తూ పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించింది. పరీక్ష పూర్తి చేసినవాళ్లలో 80 శాతానికి పైగా రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గంత మెరుగయ్యారు. ఆనాటి పేజర్ పనిని ఇప్పుడు మీ ఫోన్ అలారం చేస్తుంది. అలారం పెట్టుకోవడం ఓడిపోవడం కాదమ్మా, చికిత్సలో భాగం.

మాత్రల సంగతి మాత్రం ఈ రోజే సరిచేయండి. వారానికి సరిపడా గళ్లున్న మాత్రల డబ్బా తెచ్చి, వారానికోసారి మీ ఆయనతో కలిసి నింపండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. మాత్ర మర్చిపోతే ఏం చేయాలి, పొరపాటున రెండు వేసుకుంటే ఏం చేయాలి అన్నవి డాక్టరుని అడిగి డబ్బా మూత మీద అంటించండి. మొన్న రెండోసారి వేసుకున్న విషయం కూడా చెప్పండి. కొన్ని ఫిట్స్ మందులు ఆలోచనను మందగింపజేస్తాయి, మగతగా ఉంచుతాయి. మీ అలసటలో దాని పాలు ఎంతో డాక్టరు చూడగలరు. మోతాదు తగ్గించడం, మానడం మీ అంతట మీరు చేయవద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తలకు దెబ్బ తర్వాత కొందరిలో హార్మోన్లు తగ్గి కూడా నీరసం వస్తుంది. రక్తపరీక్ష అవసరమా అని అడగండి. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాంతులు, ఫిట్స్, ఒకవైపు బలహీనత, లేపితే లేవలేనంత మత్తు కనపడినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. స్కూటర్ గురించి మీరేమీ రాయలేదు. డాక్టరు సరే అనేదాకా ముట్టుకోకండి.

అన్నయ్య దగ్గరికి వద్దాం. ఆస్పత్రి బయట కూర్చుని చెల్లెలు కళ్లు తెరుస్తుందో లేదో తెలియని రోజులు ఆయన చూశారు. ఆ తర్వాత ఆయన చేతికి దొరికిన ఒకే ఒక్క ఆధారం ఆ గ్రాఫ్. అది ఆగిపోయేసరికి ఆయనకు మళ్లీ ఆ భయం వచ్చి ఉంటుంది. "మనసు పెట్టడం లేదు" అన్న మాటలో నాకు ఆ భయమే వినిపిస్తోంది. మాట మిమ్మల్ని నొప్పించింది, కాదనను.

మీరే నేరుగా చెప్పవచ్చు. అలా అయితే పొద్దుటి పూట, తల తేటగా ఉన్నప్పుడు చెప్పండి, కాగితం మీద రాసుకుని చెప్పండి. "అన్నయ్యా, ఆ అంకెలు నిజమే. కానీ నాకు కావలసింది మళ్లీ పాఠం చెప్పగలగడం. ఆరు వారాలు ఆ అంకెలు పక్కన పెట్టి, పాపకు లెక్క చెబుతూ ఎన్నిసార్లు ఆపినచోటి నుంచి అందుకున్నానో లెక్కపెడదాం. నువ్వే రాయి." ఆయనకు అంకెలు కావాలి, ఇవ్వండి. అసలైన అంకెలు ఇవ్వండి. ఫోన్లో అలారాలు పెట్టే పని ఆయనకు అప్పజెప్పండి. సెలవు రోజున వచ్చి విద్యార్థిలా కూర్చుని, మీరు పాఠం చెబుతుంటే మధ్యలో ప్రశ్నలు వేయమనండి. ఊరికే ఉండమంటే ఆయన ఉండలేరు, వేరే పని ఇస్తే చేస్తారు.

నేరుగా చెప్పలేననిపిస్తే, ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్ని, మీ ఆయన్ని వెంటబెట్టుకు వెళ్లండి. అలసట గురించి డాక్టరు నోట వింటే ఆ ఇద్దరికీ మీ మాట మీద నమ్మకం కుదురుతుంది. ఒక్క ఇబ్బంది, మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి ముగ్గురూ మీ గురించి మాట్లాడుకునే ప్రమాదం ఉంది. మీ ప్రశ్నలు ముందే రాసుకెళ్లి మీరే చదవండి. ఇక ఏమీ చెప్పకుండా దొంగచాటుగా మానేయడం మాత్రం వద్దు. రాత్రికే రిపోర్టులో తెలిసిపోతుంది, బద్ధకం అన్న మాటకు బలం వస్తుంది.

పాపకు కూడా చెప్పాలి. "అమ్మ తలకు దెబ్బ తగిలింది కదా, సాయంత్రానికి బాగా అలసిపోతుంది. నేను అరిస్తే నీ తప్పు వల్ల కాదు" అంటే పిల్లలకు అర్థమవుతుంది. ఇద్దరికీ తెలిసిన ఒక సైగ పెట్టుకోండి. చెయ్యి పైకెత్తితే అమ్మ పది నిమిషాలు లోపలికి వెళ్తుందని అర్థం.

స్కూలుకు ఇవ్వాల్సిన జవాబు మిగిలింది. ఒక్కసారిగా పూర్తి ఉద్యోగంలోకి వెళ్తే జీతం వస్తుంది, పాత జీవితం తిరిగొచ్చినట్టు ఉంటుంది. కానీ నలభై మంది పిల్లల గోలలో, ఒకరి ప్రశ్నకు జవాబు చెబుతూ బోర్డు మీది లెక్కను బుర్రలో నిలుపుకోవడం మీకు ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని. అక్కడ తడబడితే ధైర్యం చెదురుతుంది. ఇంకో ఏడాది పూర్తిగా ఆగితే ఒత్తిడి ఉండదు, ఉద్యోగం చేజారవచ్చు, ఇంట్లో రోజులన్నీ ఒకేలా గడిచి దిగులు పెరగనూవచ్చు. మధ్యేమార్గం అడిగి చూడండి. మొదట పేపర్లు దిద్దడం, ప్రశ్నపత్రాలు తయారుచేయడం. తర్వాత పొద్దున మొదటి పీరియడ్ ఒక్కటి. రాని టీచర్ల క్లాసులు మీకు వేయకూడదని, క్లాసు తర్వాత కాసేపు నిశ్శబ్దంగా కూర్చునే చోటు కావాలని అడగండి. ఇవి అడగాలంటే మీ ఇబ్బంది ఎంతో కొంత చెప్పాల్సి వస్తుంది. చెబితే కొందరు మిమ్మల్ని తక్కువగా చూడవచ్చు. చెప్పకపోతే, తడబడిన రోజున వాళ్లు వేరే కారణాలు వెతుక్కుంటారు. హెడ్మాస్టరుకు ఒక్కరికే చెప్పి, మిగతావాళ్లకు ఎంత చెప్పాలన్నది మీ చేతిలో ఉంచుకోవచ్చు.

జవాబు ఇచ్చే ముందు న్యూరోసైకాలజిస్ట్ దగ్గర పూర్తి పరీక్ష చేయించుకోగలిగితే మంచిది. ఏది బాగుంది, ఏది దెబ్బతింది అన్నది అందులో తేలుతుంది, స్కూలుకు చూపించడానికి కాగితమూ ఉంటుంది. అయితే ఆ పరీక్ష నిశ్శబ్దమైన గదిలో, ఒక్కొక్క పనిగా జరుగుతుంది. అక్కడ మంచి మార్కులు వచ్చినవాళ్లు గోలలో తడబడటం మామూలే. అందుకే పాపతో, అన్నయ్యతో చేసిన ఆరు వారాల అభ్యాసం నోట్సు కూడా వెంట తీసుకెళ్లండి, ఫోన్ మోగినప్పుడు ఏమవుతోందో అందులోంచి చూపించండి. స్కూలువాళ్లు గడువు పెట్టి ఉంటే, ఆ ఆరు వారాలు అయ్యేదాకా సమయం ఇమ్మని ఇప్పుడే ఒక కాగితం రాసి పంపండి.